గ్లిజరాల్ తినే కొత్త జీవి: పేరు ముందా, లెక్క ముందా?

ఆక్సిజన్ ఉన్నచోట గ్లిజరాల్ తిని బతికే సూక్ష్మజీవులు కొల్లలు. గాలి పూర్తిగా తీసేసి, వేరే ఆహారమేదీ పెట్టకుండా గ్లిజరాల్ ఒక్కటే ఇస్తే వాటిలో చాలామటుకు చేతులెత్తేస్తాయి. అప్పుడు కూడా నిలబడే కొద్దిపాటి జీవుల గురించే ఈ సమీక్ష. నూట నలభై ఏళ్లుగా ఈ జాబితాలో కొత్త పేర్లు చేరుతూనే ఉన్నాయి. గొర్రె కడుపులో ఒకటి, మంచినీటి బురదలో ఒకటి, ఇటలీలోని వేడినీటి బుగ్గలో మరొకటి దొరికాయి. వీటి వర్ణనలన్నీ వరసబెట్టి చదివాక నాకు కలిగిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త జీవిని కనుగొన్నామని చెప్పే పరిశోధన పత్రంలో కాలానికి నిలిచేది పేరు కాదు. ఆ జీవి ఎంత తిన్నది, ఏమేమి ఎంతెంత విడిచిపెట్టింది అని చూపే పట్టిక నిలుస్తుంది.

అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. గ్లిజరాల్ మూడు కార్బన్ల ఆల్కహాల్. నూనెలోనూ నెయ్యిలోనూ కొవ్వు ఆమ్లాలను మూడేసి చొప్పున పట్టి ఉంచేది అదే. 1779లో స్వీడన్ రసాయనవేత్త షీలె ఆలివ్ నూనెను సీసపు ఆక్సైడ్‌తో కాచి దీన్ని మొదటిసారి వేరుచేశాడు. చూడటానికి చక్కెరకు దగ్గరి చుట్టమే, రుచి కూడా తియ్యనే. కానీ ఎలక్ట్రాన్ల లెక్కలో తేడా ఉంది. గ్లూకోజ్‌లో ఒక్కో కార్బన్‌కు ఇవ్వదగిన ఎలక్ట్రాన్లు 4 ఉంటే, గ్లిజరాల్‌లో సగటున 4.67 ఉంటాయి. కణం లోపల రెండూ పైరువేట్ దశకు చేరాల్సిందే. ఒక పైరువేట్ తయారయ్యేసరికి గ్లూకోజ్ దారిలో ఒక జత హైడ్రోజన్లు పక్కకు వస్తాయి, గ్లిజరాల్ దారిలో రెండు జతలు వస్తాయి. ఆక్సిజన్ ఉంటే దానికి అప్పగించి చేతులు దులుపుకోవచ్చు. అది లేనప్పుడు ఆ జతలను కణం తన వ్యర్థాల్లోనే ఎక్కించి బయటికి పంపాలి. పంపలేకపోతే లోపలి యంత్రాంగమంతా ఆగిపోతుంది.

మన పెరుగు తోడులోని లాక్టిక్ బ్యాక్టీరియాను తీసుకోండి. గ్లూకోజ్ నుంచి వచ్చిన పైరువేట్‌కు ఆ ఒక్క జతను తగిలించి లాక్టిక్ ఆమ్లం చేస్తే వాటికి లెక్క సరిపోతుంది. అదే పని గ్లిజరాల్‌తో చేస్తే ఇంకో జత మిగిలిపోతుంది. కాబట్టి గ్లిజరాల్ మీదే బతకదలచిన జీవికి ఈ రెండో జతను వదిలించుకునే ఉపాయం ఒకటి ఉండాలి. ప్రకృతిలో ఇప్పటిదాకా తేలిన ఉపాయాలు ముఖ్యంగా మూడు.

మొదటిది, తిన్న గ్లిజరాల్‌లోనే కొంత భాగాన్ని బలి పెట్టడం. కొన్ని అణువులు ఆక్సీకరణ దారిలో వెళ్లి శక్తినిస్తాయి. మిగిలినవి నీటి అణువు పోగొట్టుకుని 3-హైడ్రాక్సీప్రొపియొనాల్డిహైడ్‌గా మారి, అదనపు హైడ్రోజన్లను మోసుకుని 1,3-ప్రొపేన్‌డయాల్‌గా బయటికి వస్తాయి. రెండోది, ప్రొపియోనిక్ ఆమ్లంగా మార్చడం. ఇది చాలా పొందికైన దారి. గ్లిజరాల్ నుంచి ఒక నీటి అణువు తీసేస్తే మిగిలే అణుసూత్రం సరిగ్గా ప్రొపియోనిక్ ఆమ్లానిదే, ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా అటూ ఇటూ కాదు. మూడోది, అణువును ఇథనాల్‌గా, ఫార్మిక్ ఆమ్లంగా చీల్చడం. ఇక్కడా లెక్క తెగిపోతుంది. ఆ ఫార్మిక్ ఆమ్లం ఆ తర్వాత హైడ్రోజన్ వాయువుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోవచ్చు.

చరిత్రకు వస్తే, మొదటి ఉపాయం అన్నిటికంటే ముందు బయటపడింది. 1881లో అప్పటి ఆస్ట్రియా-హంగరీలోని లెంబర్గ్ నగరంలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్‌లో, ఆగస్ట్ ఫ్రాయిండ్ అనే రసాయనవేత్త పులిసిన గ్లిజరాల్‌లో 1,3-ప్రొపేన్‌డయాల్‌ను గుర్తించాడు. ఆ రోజుల్లో దాన్ని ట్రైమెథిలీన్ గ్లైకాల్ అనేవారు. ఆయన చేతిలో ఉన్నది శుద్ధమైన కల్చర్ కాదు, రకరకాల జీవుల కలగూర. ఏ జీవి ఆ పని చేసిందో ఆయనకు తెలియదు. అయినా పదార్థాన్ని సరిగ్గా గుర్తుపట్టాడు, ఆ ఫలితం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. 1928లో బ్రాక్ అనే శాస్త్రవేత్త గ్లిజరాల్ పులియబెట్టే ఒక బ్యాక్టీరియాకు ఆయన పేరే పెట్టాడు. అదే ఇప్పటి సిట్రోబాక్టర్ ఫ్రాయిండియై.

మొదటి ప్రపంచ యుద్ధంలో కథ తలకిందులైంది. పేలుడు పదార్థం నైట్రోగ్లిజరిన్ కోసం గ్లిజరాల్ కావాలి, జర్మనీకి కొవ్వుల దిగుమతి ఆగిపోయింది. అప్పుడు ఈస్ట్‌కు సల్ఫైట్ కలిపి చక్కెర నుంచే గ్లిజరాల్ తీశారు. నాడు చక్కెర పోసి గ్లిజరాల్ తీశారు, నేడు బయోడీజిల్ వల్ల గ్లిజరాల్ ఎక్కువై దాన్నేం చేయాలో తోచక చూస్తున్నారు.

రెండో ఉపాయం పశువుల కడుపులో దొరికింది. తెలగపిండి, వేరుశనగ చెక్క తిన్న గేదె మొదటి పొట్టలో ఏం జరుగుతుందో ఆలోచించండి. చెక్కలో మిగిలిన నూనెను అక్కడి బ్యాక్టీరియా ముందుగా విడగొడుతుంది. కొవ్వు ఆమ్లాలు ఒక పక్కకు పోతాయి, గ్లిజరాల్ మిగులుతుంది. స్కాట్లండ్‌లో అబర్డీన్ దగ్గరి రోవెట్ సంస్థలో హాబ్సన్, మాన్ 1961లో గొర్రె కడుపు నుంచి గ్లిజరాల్ పులియబెట్టే జీవులనూ కొవ్వును విడగొట్టే జీవులనూ వేరుచేసి చూపారు. అనెరోవిబ్రియో లిపోలిటికస్ అని తర్వాత పేరుపొందిన బ్యాక్టీరియా రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. గ్లిజరాల్‌ను ప్రొపియోనిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం పశువు రక్తంలోకి చేరి కాలేయంలో గ్లూకోజ్‌గా మారుతుంది.

ఈ తరహా జీవులను పట్టడం ఎందుకంత కష్టం? వీటిలో చాలావాటికి గాలి సోకితే చాలు, పని అయిపోతుంది. 1861లో పాశ్చర్ గాలి లేని బతుకు ఉందని చూపాక కూడా వాటిని ఒక్కొక్కటిగా వేరుచేసి పెంచే నమ్మకమైన పద్ధతి కుదరడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. అమెరికాలో రాబర్ట్ హంగేట్ 1950లో వివరంగా రాసిన పద్ధతి మలుపు తిప్పింది. పోషక ద్రవాన్ని మరిగించి అందులోని ఆక్సిజన్‌ను వెళ్లగొట్టడం, కాల్చిన రాగి మీదుగా పంపి ఆక్సిజన్ ఆనవాలు లేకుండా చేసిన వాయువును గొట్టంలోకి ఊదుతూ రబ్బరు బిరడా బిగించడం, కరిగిన అగర్‌ను గొట్టం లోపలి గోడకు పలచగా అంటేలా దొర్లించి గట్టిపడనివ్వడం ఇందులో ముఖ్యాంశాలు. 1976లో బాల్చ్, వోల్ఫ్ బిరడా మీద అల్యూమినియం మూత బిగించి, లోపల ఒత్తిడితో వాయువు నింపే ఏర్పాటు తెచ్చారు. ఇప్పటికీ ప్రయోగశాలల్లో నడిచేది ఈ రెండింటి కలయికే. ద్రవంలో ఒక చుక్క రెజాజురిన్ వేస్తారు. గులాబీరంగు కనిపిస్తే ఆక్సిజన్ మిగిలి ఉందన్నమాట. సిస్టీన్‌గానీ సోడియం సల్ఫైడ్‌గానీ కలిపాక రంగు పోతే కల్చర్ పోయడానికి సిద్ధం. ఖరీదైన గ్లవ్ బాక్స్ లేకపోయినా ఒక వాయు సిలిండరు, రాగి గొట్టం, సిరంజీలు, సీరం సీసాలతో ఈ పని చేయవచ్చు. జిల్లా కేంద్రంలోని కాలేజీ ల్యాబు కూడా పూనుకుంటే చేయగలదు.

ఇక్కడ అందరూ పడే ఒక గుంత ఉంది. బురద తెచ్చి, గ్లిజరాల్ ఉన్న ద్రవంలో వేసి, వారానికోసారి కొత్త సీసాలోకి మారుస్తారు. ద్రవం మసకబారుతుంది. గ్లిజరాల్ తినే జీవి దొరికిందని సంబరపడతారు. కానీ ఆ ద్రవంలో విటమిన్ల కోసమని ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కూడా వేసి ఉంటారు. లీటరుకు ఒకటి రెండు గ్రాములున్నా కొన్ని జీవులు దాని మీదే హాయిగా పెరుగుతాయి. కాబట్టి అదే ద్రవాన్ని గ్లిజరాల్ లేకుండా కూడా పెట్టి చూడాలి. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ను తగ్గిస్తూ పోయి చూడాలి. గ్లిజరాల్ పెంచినకొద్దీ కణాలు పెరుగుతున్నాయో లేదో చూడాలి. ఈ మూడూ లేని పత్రాన్ని నేను సందేహంతోనే చదువుతాను.

కొలిచే యంత్రంలోనూ ఉచ్చులున్నాయి. కిణ్వన ద్రవాన్ని ద్రవ క్రోమటోగ్రఫీతో విడదీసి, అతినీలలోహిత కాంతి డిటెక్టరుతో మాత్రమే చూస్తే ఆమ్లాలు కనిపిస్తాయిగానీ గ్లిజరాల్, 1,3-ప్రొపేన్‌డయాల్ రెండూ కనిపించవు. వక్రీభవన డిటెక్టరు పెట్టాల్సిందే. అది పెట్టినా, ఎక్కువమంది వాడే ఆమ్లాల కాలమ్‌లో గ్లిజరాల్, ఫార్మిక్ ఆమ్లం దాదాపు వెంటవెంటనే బయటికి వస్తాయి. విడదీసి చూడకపోతే ఒకదాని ఖాతా ఇంకొకదానికి పడుతుంది.

ఖాతా అన్నాను కాబట్టి అసలు సంగతికి వస్తాను. మంచి వర్ణన షావుకారు జమాఖర్చు పుస్తకంలా ఉంటుంది. ఎంత గ్లిజరాల్ పోశాం, ఎంత మిగిలింది, ఏ పదార్థం ఎంత వచ్చింది, ఎంత కణపదార్థమైంది, ఎంత వాయువైంది అన్నీ ఒక పక్కన రాసి, కార్బన్లు ఒకసారి, ఎలక్ట్రాన్లు ఒకసారి కూడి చూడాలి. రెండూ నూటికి దగ్గరగా వస్తే మనం చూడని పదార్థం పెద్దగా లేదని ధైర్యం. ఎలక్ట్రాన్లు తగ్గాయంటే హైడ్రోజన్‌నో ఏదో ఒక ఆల్కహాల్‌నో వదిలేశామన్నమాట.

1989లో జర్మనీ శాస్త్రవేత్తలు షౌడర్, షింక్ ప్రచురించిన అనెరోవిబ్రియో గ్లిజరినై పత్రం ఈ విషయంలో ఆదర్శం. ఈ జీవి గ్లిజరాల్ నుంచి ప్రొపియోనిక్ ఆమ్లం, కణపదార్థం, హైడ్రోజన్ చేస్తుందని పత్రం శీర్షికలోనే ఉంది. ప్రొపియోనిక్ ఆమ్లానికి ఎలక్ట్రాన్ల లెక్క సరిపోతుందని పైన చెప్పుకున్నాం కదా, మరి హైడ్రోజన్ ఎక్కణ్నుంచి వచ్చింది? కణపదార్థంలో కార్బన్‌కు దాదాపు 4.2 ఎలక్ట్రాన్లే ఉంటాయి. 4.67 ఉన్న గ్లిజరాల్‌తో కణం తనను తాను కట్టుకుంటే కొన్ని మిగులుతాయి. ఆ మిగులే హైడ్రోజన్‌గా బుడగలెత్తుతుంది. శీర్షికలో కణపదార్థాన్ని, హైడ్రోజన్‌ను పక్కపక్కన పెట్టడంలో ఈ లెక్కంతా ఉంది. ఒక చిన్న బ్యాక్టీరియా గురించి ఇంతకంటే పొదుపుగా ఇంత చెప్పిన శీర్షిక నేను చూడలేదు.

2002లో జర్గన్ వీగెల్ బృందం ఇటలీలో విటెర్బో దగ్గరి వేడినీటి బుగ్గ నుంచి కలొరమేటర్ విటెర్బియెన్సిస్ అనే జీవిని వర్ణించింది. సుమారు 58 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరిగే ఈ జీవి గ్లిజరాల్ నుంచి ఎసిటిక్ ఆమ్లాన్ని, 1,3-ప్రొపేన్‌డయాల్‌ను చేస్తుంది. కాగితం మీద వేసి చూస్తే, ఒక గ్లిజరాల్ ఎసిటిక్ ఆమ్లంగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారేటప్పుడు మూడు జతల హైడ్రోజన్లు వదులుతుంది. వాటిని మోయడానికి ఇంకో మూడు గ్లిజరాల్ అణువులు కావాలి. అంటే నాలుగింట మూడు వంతులు ప్రొపేన్‌డయాల్ కావచ్చు. హైడ్రోజన్ వాయువు బయటికి పోతున్నకొద్దీ ఆ వాటా తగ్గుతుంది. 1,3-ప్రొపేన్‌డయాల్ వ్యాపారం మీద ఆశ పెట్టుకున్నవారికి ఈ 75 శాతమే గరిష్ఠ హద్దు. కొత్త జీవి దొరికిందని, దిగుబడి 90 శాతమని ఎవరైనా చెబితే ద్రవంలో వేరే ఆహారం ఏముందో అడగాలి.

ఎంజైముల సంగతి కొంత క్లుప్తంగా చెబుతాను. గ్లిజరాల్ నుంచి నీటిని తీసేసే డీహైడ్రటేజ్ క్లెబ్సియెల్లా, సిట్రోబాక్టర్‌లలో విటమిన్ బి12 లేనిదే పనిచేయదు. క్లోస్ట్రిడియం బ్యూటిరికమ్‌లోని ఎంజైముకు ఆ విటమిన్ అక్కర్లేదని 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చూపారు. కానీ ఆక్సిజన్ తగిలితే అది పాడవుతుంది. బి12 ఖరీదైంది కాబట్టి పరిశ్రమవారికి ఈ వార్త తియ్యగా వినిపించింది. మధ్యలో వచ్చే ఆల్డిహైడ్ విషం. లిమోసిలాక్టోబాసిలస్ ర్యూటెరై అనే పేగుల బ్యాక్టీరియా దాన్నే పోగేసి చుట్టుపక్కల జీవుల మీద ఆయుధంగా వాడుతుంది, ఆ ఆయుధానికి ర్యూటెరిన్ అని పేరు. ఈ జీవి గ్లిజరాల్‌ను మారుస్తుంది నిజమేగానీ, దాని మీద మాత్రమే పెరగలేదు, పక్కన గ్లూకోజ్ కావాలి. చాలా జాబితాల్లో దీన్నీ గ్లిజరాల్ పులియబెట్టే జీవుల్లో కలిపేస్తున్నారు. అలా కలపడం సరికాదు.

దీనికి ఎదురు తప్పు ఈ. కోలై విషయంలో జరిగింది. బయటి నుంచి ఎలక్ట్రాన్ తీసుకునే పదార్థం ఏదీ లేకుండా ఈ. కోలై గ్లిజరాల్‌ను పులియబెట్టలేదని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా పరిశోధించిన బ్యాక్టీరియా ఇది. 2006లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రామన్ గొంజాలెజ్ బృందం అది పులియబెట్టగలదని చూపింది. ద్రవం కాస్త ఆమ్లంగా ఉండాలి, ఫాస్ఫేటు, పొటాషియం తక్కువగా ఉండాలి. అప్పుడు మూడో ఉపాయం, అంటే ఇథనాల్, ఫార్మిక్ ఆమ్లాల దారి తెరుచుకుంటుంది. గుర్తుపట్టగల కార్బన్ ఐసోటోపుతో తయారైన గ్లిజరాల్ పెట్టి, ఆ కార్బన్ కణం ప్రొటీన్లలోకి చేరిందనీ నిరూపించారు. కొత్త జీవి కోసం బుగ్గలూ సరస్సులూ వెతుకుతున్నవారికి ఇది ఇబ్బందికరమైన ఫలితమే. పాత జీవిని సరైన పరిస్థితుల్లో అడగకపోవడం వల్ల ఎన్ని కొత్త పేర్లు పుట్టుకొచ్చాయో ఎవరికి తెలుసు?

పేర్ల వ్యవహారం చూద్దాం. 1987 నుంచి రెండు జీవుల డీఎన్‌ఏ 70 శాతానికి పైగా ఒకదానితో ఒకటి జతకడితే ఒకే జాతి అన్నది ఒప్పందం. తర్వాత 16ఎస్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులో పోలిక 97 శాతానికి తగ్గితే వేరే జాతి అన్నారు, ఆ గీతను ఆపైన 98.7 దాకా జరిపారు. ఇప్పుడు పూర్తి జీనోములు పోల్చి 95 నుంచి 96 శాతం దగ్గర గీత గీస్తున్నారు. గీతలు కదిలినప్పుడల్లా పేర్లు కదిలాయి. 1989 నాటి అనెరోవిబ్రియో గ్లిజరినై 1999లో అనెరోసైనస్ గ్లిజరినై అయింది, ప్రజాతే మారిపోయింది. 2002లో బీబుల్, స్ప్రోయర్ 1,3-ప్రొపేన్‌డయాల్ చేసే క్లోస్ట్రిడియాలను కలిపి పరిశీలించి క్లోస్ట్రిడియం డయోలిస్ అనే కొత్త జాతిని ప్రతిపాదించారు. 2020లో జపాన్ బృందం జీనోములు పోల్చి, అది పాత క్లోస్ట్రిడియం బైజరింకియైలో భాగమేనని తేల్చింది. పద్దెనిమిదేళ్లకు పేరు పోయింది. ఆ జీవులు చేసే ప్రొపేన్‌డయాల్ గురించి రాసిందంతా అలాగే ఉంది.

నామకరణ నియమాల ప్రకారం కొత్త జాతి ప్రమాణ కల్చర్‌ను కనీసం రెండు దేశాల్లోని రెండు భాండాగారాల్లో అందరికీ అందేలా దాచాలి. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జీవి నమూనాను గుర్తింపు పొందిన సంస్థలో జమ చేయాలి, విదేశీయులు మన జీవ వనరులు తీసుకోవాలంటే ముందుగా అనుమతి కావాలి. చట్టం ఉద్దేశం మంచిదే. కానీ పరిశోధకుడికి ఈ రెండింటినీ కలిపి నడపడం చిన్న పని కాదు. అయినా హైదరాబాద్ ఈ రంగంలో వెనకబడలేదు. సీసీఎంబీలో శివాజీ బృందం స్ట్రాటోస్ఫియర్ గాలి నుంచి బాసిలస్ ఆర్యభట్టై సహా ఎన్నో కొత్త జాతులను వర్ణించింది. జేఎన్‌టీయూలో శశికళ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రమణ కాంతితో బతికే అవాయు బ్యాక్టీరియా మీద దశాబ్దాలుగా పనిచేశారు. గాలి లేకుండా పెంచే నైపుణ్యం మన దగ్గర ఉంది, దాన్ని గ్లిజరాల్ వైపు తిప్పితే చాలు.

తిప్పడానికి కారణమూ ఉంది. పది కిలోల బయోడీజిల్ చేస్తే దాదాపు కిలో గ్లిజరాల్ మిగులుతుంది. కాకినాడలో బయోడీజిల్ కర్మాగారం ఉంది కాబట్టి ఇది మనకు దూరపు విషయం కాదు. కర్మాగారం నుంచి వచ్చే ముడి గ్లిజరాల్‌లో మెథనాల్, సబ్బు, ఉప్పు కలిసి ఉంటాయి. శుద్ధమైన గ్లిజరాల్ మీద ఉరకలేసే జీవి ఇందులో మూలుగుతుంది. ఉప్పును ఓర్చుకునే హాలనెరోబియం వంటి జీవుల మీద ఆసక్తి పెరగడానికి ఇదొక కారణం. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే క్లెబ్సియెల్లా న్యుమోనియే మనిషికి రోగం తెచ్చేది, దాన్ని పెద్ద ట్యాంకుల్లో పెంచడానికి ఎవరూ ఇష్టపడరు. చివరికి అన్నిటికంటే ఘనంగా గెలిచింది అసలు గ్లిజరాల్ తినని ఏర్పాటు. డూపాంట్, టేట్ అండ్ లైల్ కలిసి 2006లో టెనెసీ రాష్ట్రంలోని లౌడన్‌లో తెరిచిన కర్మాగారంలో, ఈస్ట్ జన్యువులు, క్లెబ్సియెల్లా జన్యువులు ఎక్కించిన ఈ. కోలై మొక్కజొన్న గ్లూకోజ్ నుంచే 1,3-ప్రొపేన్‌డయాల్ చేస్తుంది. సొరోనా అనే దారంలోకి వెళ్లేది అదే. గ్లిజరాల్ జీవులు జన్యువులు అప్పిచ్చాయి, వ్యాపారం వేరొకరు చేసుకున్నారు.

2022 నుంచి సీక్‌కోడ్ అనే కొత్త నియమావళి కింద, జీవిని పెంచకుండానే జీనోమ్ ఆధారంగా పేరు పెట్టే వీలు వచ్చింది. బురదలోంచి డీఎన్‌ఏ తీసి, కంప్యూటరులో జీనోమ్ కూర్చి, అందులో డీహైడ్రటేజ్ జన్యువు కనిపించగానే గ్లిజరాల్ పులియబెట్టే కొత్త జీవి అని రాసే పత్రాలకు ఇక కొదవుండదు. పేరు పెట్టుకోనివ్వండి, అభ్యంతరం లేదు. కానీ ఆ వాక్యం మాత్రం వద్దు. జన్యువు ఉందని రాయండి, పులియబెడుతుందని రాయకండి. పులియబెడుతుందని రాయాలంటే సీసాలో పెంచి, గ్లిజరాల్ లేని సీసాను పక్కన పెట్టి, కార్బన్లనూ ఎలక్ట్రాన్లనూ కూడి, ముడి గ్లిజరాల్‌లోనూ ఒకసారి పరీక్షించి, ఆ పట్టికను పత్రంలో ఇవ్వండి. పత్రాలను పరిశీలించే రివ్యూయర్లు కూడా ఆ పట్టిక లేనిదే సంతకం పెట్టవద్దని మనవి.